ఖ్వారిజ్మీ బిడ్డలు

బక్రీద్ నాడు మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎత్తకముందే తగువు మొదలైంది. ఆపా చిన్నకూతురు ఇంటర్ పాసయింది. ఎంసెట్‌లో ర్యాంకు కూడా ఫరవాలేదు. కంప్యూటర్ సైన్సు తీసుకుంటానంటుంది. మా పెద్దమామూ చెయ్యి కడుక్కుంటూనే తీర్పు చెప్పేశాడు: "బేటీ, అది మగపిల్లల చదువు. ఆడవాళ్లు మొదటినుంచీ అందులో లేరు. బి.ఇడి. చేసుకో. ఇంటిపట్టున ఉంటావు." పిల్ల నావైపు చూసి "ఖాలా, నువ్వు చెప్పు" అంది. నేనేదో చెప్పాను. చెప్పాల్సినట్టు చెప్పలేదు. ఆ చెప్పలేనిదే ఇది.

మామూని తప్పుపట్టను. జిల్లాపరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన తిట్టలేదు, అడ్డం పడుకోలేదు, చరిత్ర చెప్పాననుకున్నాడు. "మొదటినుంచీ లేరు" అన్నాడు. ఆ ఒక్క మాటే తప్పు. మొదట్లోనే ఉన్నారు. తర్వాత లేకుండా చేశారు. ఈ దేశంలో ముస్లిం అయి పుట్టినవాళ్లకు ఈ రెంటికీ ఉన్న తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మమ్మల్ని కూడా "మీరు ఇక్కడివాళ్లు కాదు, బయటినుంచి వచ్చారు" అంటూనే ఉన్నారు కదా!

ముందు పేరు సంగతి మాట్లాడుకుందాం. కంప్యూటర్ చదివే ప్రతి పిల్లా మొదటి నెలలోనే 'అల్గోరిథమ్' అనే మాట నేర్చుకుంటుంది. అది మాట కాదు, ఒక మనిషి పేరు. 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ మామూన్ కాలపు బాగ్దాద్‌లో, బైతుల్ హిక్మాలో పనిచేసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఆయన పుస్తకం పేర్లో ఉన్న 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా వచ్చింది. భారతీయ అంకెలతో లెక్కలు ఎలా చెయ్యాలో ఇంకో పుస్తకం రాశాడు. దాని అరబ్బీ మూలం మిగల్లేదు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లినప్పుడు వాళ్ల నోట అల్ ఖ్వారిజ్మీ కాస్తా అల్గోరిత్మి అయ్యాడు. కొన్నాళ్లకు మనిషి పోయి పద్ధతి మిగిలింది.

ఈ కథ చెప్పుకుని మావాళ్లు మీసం దువ్వుతుంటారు. నాకది నచ్చదు. ఆయనకు అంకెలు ఇచ్చింది ఈ నేల. సున్నాతో లెక్క ఎలా చెయ్యాలో 628లోనే రాసిన బ్రహ్మగుప్తుడి సంప్రదాయం నుంచి వచ్చిన గణితం 8వ శతాబ్దానికల్లా బాగ్దాద్ చేరింది. ఇక్కడ పుట్టింది, అక్కడ పెరిగింది, ఇంకోచోట పేరు మార్చుకుంది. జ్ఞానానికి మతం అంటగట్టేవాళ్లు ఆ దారి ఎక్కడ తెంచుతారో నాకు అర్థం కాదు. నేను చెప్పదలుచుకున్నది ఇంకో సంగతి. పేరు అరిగిపోతే ఆ మనిషి ఎవరి మనిషో కూడా మరిచిపోతారు.

1843లో ఇంగ్లండ్‌లో ఏడా లవ్‌లేస్ అనే ఆవిడ, చార్లెస్ బాబేజ్ కట్టాలనుకున్న యంత్రం మీద వచ్చిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మార్చి, దానికి వ్యాసం కన్నా చాలా పెద్దవైన నోట్సు జోడించింది. బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రం చేత ఎలా కట్టించాలో వరస వరసగా రాసింది. యంత్రమే ఇంకా లేదు, దానికి ప్రోగ్రాం తయారయింది! ఆ నోట్సు కింద ఆమె పేరు లేదు. మూడు పొడి అక్షరాలున్నాయి: ఎ.ఎ.ఎల్.

నేను 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాను. ఆ ఏడాది నవంబరులోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. ఊరంతా వైటూకే జ్వరం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే పెట్టారు కాబట్టి 2000 వచ్చేసరికి యంత్రాలు 1900 అనుకుంటాయని, దాన్ని సరిచెయ్యడానికి కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అమెరికా నుంచి కబురు. గదిలో ఎనభైమందిమి. ఆడవాళ్లం ఆరుగురం. బుర్ఖా నేనొక్కదాన్నే. పాఠం చెప్పే ఆయన మొదటివారంలోనే నన్ను పక్కకు పిలిచి, "మేడం, మీరు డేటా ఎంట్రీలో చేరితే మంచిది, ఇది కష్టం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడనుకుంటాను. ఆయన చెబుతున్న ఆ భాషే ఆడవాళ్ల చేతిమీదుగా పుట్టిందని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. అన్ని కంపెనీల యంత్రాల మీదా నడిచే ఒకే వ్యాపార భాష కావాలని 1959లో పట్టుబట్టింది మేరీ హాస్. దానికి పునాది అయిన ఫ్లోమాటిక్ భాష గ్రేస్ హాపర్ బృందానిది. దాన్ని రాసిన కమిటీలో ముఖ్యురాలు జీన్ సామెట్. ఆరుగురం ఆడపిల్లలం ఆ గదిలో వెనక బెంచీలో నక్కి కూర్చున్నాం, మా పెత్తల్లుల ఇంట్లో అద్దెకున్నట్టు.

అసలు 'కంప్యూటర్' అంటే ఒకప్పుడు యంత్రం కాదు, ఉద్యోగం. లెక్కలు కట్టే మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో అమెరికా సైన్యం ఆడవాళ్లను ఆ ఉద్యోగంలో పెట్టింది. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో పట్టికలు తయారుచెయ్యాలి. ఒక్క గుండు దారి చేత్తో లెక్కగట్టడానికి ముప్పై గంటలకు పైన పట్టేది. ఆ పని తొందరగా చెయ్యడానికే ఎనియాక్ అనే యంత్రం కట్టారు. సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. దానికి పని చెప్పడానికి ఆరుగుర్ని ఎంచారు. ఆ పేర్లు పూర్తిగా రాస్తాను, ఎందుకంటే చాలాకాలం ఎవరూ రాయలేదు: కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్.

వీళ్లు దొరసానులేం కారు. మెక్‌నల్టీ ఐర్లండ్‌లో పుట్టింది. మూడేళ్ల వయసులో అమెరికా ఓడ దిగినప్పుడు ఆ పిల్లకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంట్లో ఐరిష్ భాషే. ఉర్దూ మీడియం నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చి సి లాంగ్వేజ్ క్లాసులో బిక్కచచ్చిపోయే మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఈమె సంగతే. జెన్నింగ్స్ మిస్సోరీలో రైతుబిడ్డ. వెస్కాఫ్, లిక్టర్‌మన్ యూదులు. స్నైడర్‌కు కాలేజీలో మొదటిరోజే లెక్కల ప్రొఫెసర్, ఇంట్లో పిల్లల్ని పెంచుకోక ఇక్కడికెందుకు వచ్చావన్నాడట. ఆమె లెక్కలు మాని జర్నలిజంలో చేరింది. ఎనభై ఏళ్లు దాటినా మా మామూ మాట ఎంత కొత్తగా ఉందో చూడండి!

ఎనియాక్‌కు పుస్తకం లేదు, భాష లేదు. మొదట్లో యంత్రం ఉన్న గదిలోకే వీళ్లను రానివ్వలేదు, రహస్యమని. బొమ్మలు గీసిన పెద్ద కాగితాలిచ్చి ఇదే యంత్రం, అర్థం చేసుకోండి అన్నారు. వీళ్లు ఒక్కో భాగం ఏం చేస్తుందో కాగితాల మీదే పట్టుకుని, వైర్లు ఎలా కలపాలో, స్విచ్చులు ఎలా తిప్పాలో కనిపెట్టుకున్నారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించే ముందురాత్రి ఒక లెక్క ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం లేదు. స్నైడర్, జెన్నింగ్స్ రాత్రిదాకా తన్నుకులాడారు. స్నైడర్ ఇంటికెళ్లి పడుకుని, తెల్లారి వచ్చి ఒక్క స్విచ్ మార్చింది. అంతే. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. పత్రికలన్నీ రాశాయి. ఆ రాత్రి పెద్దలందరికీ విందు. ఈ ఆడవాళ్లను పిలవలేదు.

నలభై ఏళ్ల తర్వాత కేథీ క్లైమన్ అనే విద్యార్థిని ఆ ఫోటోలు చూసి, యంత్రం పక్కన ఉన్న ఈ ఆడవాళ్లెవరని ఆరాతీస్తే, ఫ్రిజ్ ప్రకటనల్లో నిలబెట్టినట్టు అందానికి నిలబెట్టిన మోడళ్లని జవాబు వచ్చింది. ఆమె నమ్మలేదు. బతికున్నవాళ్లను వెతికి మాట్లాడించింది. అలా బయటపడ్డాయి ఆ ఆరు పేర్లు. ఫోటోలో ఉండికూడా చరిత్రలో లేకపోవడం ఎలా ఉంటుందో మాకు తెలుసు. స్వాతంత్య్ర సమరం బొమ్మల్లో టోపీలు ఎన్ని ఉంటాయి, వాటికింద పేర్లు ఎన్ని ఉంటాయి?

ఇంకొకావిడ. 1939లో నాజీల నుంచి తప్పించి పిల్లల్ని ఇంగ్లండ్ చేర్చిన రైళ్లలో ఐదేళ్ల పిల్లగా వచ్చిన కాందిశీకురాలు, తండ్రి యూదు. స్టెఫనీ షర్లీ అయింది. 1962లో ఆరు పౌన్లతో ప్రోగ్రామర్ల కంపెనీ పెట్టింది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగాలు వదిలిన ఆడవాళ్లు ఇళ్లలో కూర్చునే రాసేవాళ్లు. మొదటి 300 మందిలో 297 మంది ఆడవాళ్లే. కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్స్‌కు సంబంధించిన ప్రోగ్రాం వీళ్లు రాసిందే. అయితే మొదట్లో ఆమె ఉత్తరాలకు జవాబులు వచ్చేవి కావు. స్టెఫనీ తీసేసి 'స్టీవ్' అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది. జవాబులు వచ్చాయి. ఫోనులో పసిపిల్లల ఏడుపు వినపడకుండా టైపు మిషన్ చప్పుడు టేపు వేసేదట! 2025లో చనిపోయేదాకా ఆమెను అందరూ స్టీవ్ అనే పిలిచారు.

అద్దె ఇంటి కోసం పేరు మార్చుకుని చెప్పిన మా వాళ్లెందరో నాకు తెలుసు. నా సంగతే చెబుతాను. కోబాల్ అయ్యాక ఒక పెద్దమనిషి నా బయోడేటా చూసి, "చివర్న బేగం తీసేస్తే తేలిగ్గా ఉంటుందమ్మా" అన్నాడు. తీసేశాను. రెండేళ్లు ఆ తోకలేని పేరుతో తిరిగాను. ఉద్యోగం మాత్రం రాలేదు. తర్వాత డిగ్రీ కాలేజీలో చేరినప్పుడు మళ్లీ తగిలించుకున్నాను.

మరి ఎక్కడ లేకుండా పోయారు? అమెరికా లెక్క తీసుకుంటే, 1980ల మధ్య కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకునేవాళ్లలో ఆడవాళ్లు సుమారు 37 శాతం. 2010 నాటికి 18 శాతం. డాక్టరు చదువులో, లా చదువులో పెరిగినవాళ్లు ఇక్కడ సగానికి పడిపోయారు. తెలివి సగానికి పడిపోయిందా? ప్రోగ్రామింగులో డబ్బు, పరువు ఉన్నాయని తెలిశాక తలుపులు బిగుసుకున్నాయి. 1960ల్లోనే కానన్, పెరీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రోగ్రామర్లను పరీక్షించి, వీళ్లకు మనుషులంటే పెద్దగా ఇష్టం ఉండదని తేల్చారు. చూసిన 1,378 మందిలో ఆడవాళ్లు 186 మందే. కంపెనీలు అలాంటివాళ్లనే వెతికి చేర్చుకున్నాయి. 80ల్లో ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లు వచ్చాయి. ప్రకటనల్లో బొమ్మ కొడుకుది. యంత్రం కొడుకు గదిలోకి వెళ్లింది. కాలేజీకి వచ్చేసరికి అబ్బాయికి ముందే తెలుసు, అమ్మాయికి తెలియదు, మాస్టారు తెలిసినవాడికే పాఠం చెప్పాడు.

ఇది తిరగబడుతుందా అంటే తిరగబడింది కూడా. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1995లో కంప్యూటర్ సైన్సులో చేరిన అమ్మాయిలు 7 శాతం. అక్కడ జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ కలిసి పిల్లల్ని కూర్చోబెట్టి ఏళ్లతరబడి మాట్లాడారు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపు సడలించారు. రానివాళ్లకు వేరే మొదటిమెట్టు పెట్టారు. 2000 నాటికి 42 శాతం. ప్రమాణాలు పడిపోతాయని ఏడ్చినవాళ్లు అక్కడా ఉండే ఉంటారు. రిజర్వేషన్ల గురించి ఆ ఏడుపు ఇక్కడ మాకు బాగా అలవాటు.

"మీ మతమే మీ ఆడవాళ్లను చదవనివ్వదు" అనే సెక్యులర్ మిత్రులకు మలేషియా చూపిస్తాను. యూనివర్సిటీ ఆఫ్ మలయాలో కంప్యూటర్ విద్యార్థుల్లో సగానికి మించి అమ్మాయిలే, డీన్ కూడా ఆడమనిషే అని నార్వే నుంచి వెళ్లిన వివియన్ లాగెసెన్ 2008లో రాసింది. తలకు స్కార్ఫ్ కట్టుకున్నవాళ్లు అందులో బోలెడు. అక్కడ అది నీడపట్టున కూర్చుని చేసే పని, ఆడపిల్లకు అనువైన పని. చూశారా, మా మామూ బి.ఇడి. గురించి చెప్పిన కారణమే అక్కడ కంప్యూటర్‌కు చెబుతున్నారు! ఆ కారణం నాకు నచ్చదు, నీడపట్టు అనే మాటలోనే ఒక గోడ ఉంది. కానీ ఈ చదువు మగవాడిదన్నది ప్రకృతి రాసింది కాదని మాత్రం తేలిపోతుంది.

మన దేశంలోనూ కంప్యూటర్ చదివే అమ్మాయిలు సగానికి మరీ దూరంగా లేరు. ఎవరి అమ్మాయిలు? అది అడగాలి. 2006లో సచార్ కమిటీ చెప్పింది: పేరున్న కాలేజీల్లో డిగ్రీ పిల్లల్లో పాతికమందికి ఒక్కరు, పీజీలో యాభైమందికి ఒక్కరు ముస్లిం. ఆ ఒక్కరిలో ఆడపిల్ల వాటా ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వెనకబడిన ముస్లిం కులాలకు బి.సి.-ఇ కింద 4 శాతం వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మలక్‌పేట బస్టాపులో నల్ల బుర్ఖా, చేతిలో డ్రాఫ్టర్ పట్టుకున్న పిల్లల్ని గుంపులుగా చూసిన రోజు నేను బస్సు వదిలేసి కాసేపు అక్కడే నిలబడ్డాను. మా ఇళ్లలో ఉన్న తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ బి.టెక్.ను పెళ్లి సంబంధాల కాగితంలో ఒక వరసగా వాడుకుని, ఉద్యోగం అనగానే రాత్రి షిఫ్టు, క్యాబ్ అని వణికిపోయే తండ్రులు మావాళ్లే. సర్టిఫికెట్ బీరువాలో, పిల్ల వంటింట్లో.

2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న ఏం జరిగిందో తల్చుకోండి. ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు దొంగిలించి వేలం పాట అంటూ రెండు యాప్‌లు పెట్టారు. జర్నలిస్టులు, లాయర్లు, విద్యార్థినులు. హైదరాబాద్‌లో జీవితమంతా సమాజసేవలో గడిపిన ఒక ముసలమ్మను కూడా వదల్లేదు. మమ్మల్ని పిలవడానికి వాళ్లు వాడిన పేర్లు నేనిక్కడ రాయను. పోలీసులు పట్టుకున్నవాళ్లలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లున్నారు. 18 ఏళ్ల అమ్మాయి కూడా ఉంది. అంటే ఆడపిల్లకు కోడ్ రాయడం నేర్పితే అన్నీ సర్దుకుంటాయని నేననను. ఎవరి చేతిలో యంత్రం ఉంటే వాళ్లు మాకు పేరు పెడతారు. ఆ మరుసటి నెలలోనే కర్ణాటకలో హిజాబ్‌తో వచ్చిన పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. వేలం వేసినవాడు క్లాసులో, వేలానికి పెట్టబడ్డది గేటు బయట.

ఇప్పుడు మావాళ్లకు రుచించని సంగతి. పేర్లు పట్టీలో ఎక్కించి వేటాడటం కొత్తది కాదు, మా నిజాం రాజ్యంలోనే జరిగింది. ఫసలీ 1329లో, అంటే 1919లో, హైదరాబాద్‌లో హిజ్రాలందర్నీ రిజిస్టరులో రాయాలని చట్టం వచ్చింది. చీరో నగలో వేసుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. 1871 నాటి తెల్లవాళ్ల చట్టానికి అది తమ్ముడు. దర్బారుల్లో ఖ్వాజాసరాలు పెద్ద పదవులు చేసిన కాలం ఉంది, వాళ్ల బిడ్డల్నే నేరస్థుల పట్టీలో రాశాం. 2014లో సుప్రీంకోర్టు, ఎవరు ఏ లింగమో చెప్పుకునే హక్కు వాళ్లదే అన్నది. హైదరాబాద్ చట్టం మాత్రం 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉంది. నూరేళ్లు!

యంత్రాల లోకంలో లిన్ కాన్వే కథ ఇదే. ఐబీఎంలో పనిచేస్తూ, కంప్యూటర్ ఒకేసారి ఎక్కువ ఆదేశాలు నడిపే కొత్త పద్ధతి కనిపెట్టింది. మగపిల్లాడిగా రాయబడిన మనిషి తాను ఆడదాన్నని చెప్పుకున్నందుకు 1968లో తీసేశారు. కొత్తపేరుతో అట్టడుగు ప్రోగ్రామరుగా మొదలుపెట్టి మళ్లీ పైకొచ్చింది. కార్వర్ మీడ్‌తో కలిసి రాసిన పుస్తకంతో ప్రపంచానికి చిప్‌లు తయారుచేయడం నేర్పింది. తన పాత పని తనదేనని చెప్పుకోవడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది, చెబితే పాతపేరు బయటికొస్తుంది. ఐబీఎం 2020లో క్షమాపణ చెప్పింది. 2024లో ఆమె పోయింది.

మా కాలేజీకి అయిదారేళ్ల కింద ఒక విద్యార్థి వచ్చారు. ఆడా కాదు, మగా కాదు, అలాగే ఉంటానన్నారు. 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా అని స్టాఫ్‌రూంలో నవ్వుకున్నారు. ఉర్దూలోనూ అదే చిక్కు, క్రియ తోకలో లింగం తగులుకునే ఉంటుంది. తెలుగులో దారి ఉంది: 'వచ్చారు'. కాస్త మర్యాద ఇస్తే వ్యాకరణం అడ్డురాదు. అడ్డొచ్చింది కంప్యూటరు. అడ్మిషన్ ప్రోగ్రాంలో లింగం అన్నచోట ఎం, ఎఫ్ రెండే. ఏదీ కొట్టకపోతే ముందుకు పోదు. బైనరీ యంత్రం కదా అన్నాడొకాయన తెలివిగా. ఒక బిట్‌లో రెండే పడతాయి, రెండు బిట్లు కలిపితే నాలుగు పడతాయని మొదటి సంవత్సరంలో మేమే పాఠం చెబుతాం. ఆ ప్రోగ్రాం రాసింది ఎప్పటిదో మా పాత బ్యాచి. మార్చింది మూడో సంవత్సరం చదివే ఇద్దరమ్మాయిలు, వాళ్లతోపాటు ఆ విద్యార్థీ.

ఈ సంగతి ఆనాడు ఆపా ఇంట్లో చెబితే, మామూ ఏమీ అనకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పిల్ల మాత్రం అడిగింది.

"ఆ గడి మార్చడానికి ఎంతసేపు పట్టింది ఖాలా?"

"పది నిమిషాలు."

"పర్మిషన్‌కి?"

"నాలుగు నెలలు."